పిండి సంచుల కాగితం

"విలువ గడి ఖాళీగా వదిలేశారమ్మా," అన్నాడు గుమస్తా, దావా కాగితాన్ని కిటికీ కింది సందులోంచి వెనక్కి తోస్తూ.

"తెలిసే వదిలేశాను," అంది కొలతలక్క.

గుమస్తా కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి చూశాడు. ఇరవై ఏళ్లుగా ఆ కిటికీ వెనక కూర్చున్న మనిషి. మరచిపోయి వదిలేసినవాళ్లను చూశాడు, భయపడి వదిలేసినవాళ్లను చూశాడు. కావాలని వదిలేసి పైగా ఇంత దర్జాగా చెప్పినవాళ్లు ఇంతవరకూ తగల్లేదు.

ఆ కోర్టు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ప్రభుత్వం మీద దావా వేయడానికి మామూలు కోర్టులు పనికిరావు, అందుకే ప్రత్యేకంగా దీన్ని పెట్టారు. ఇక్కడికి వచ్చే వాదులు వేలమంది, ప్రతివాది మాత్రం ఎప్పుడూ ఒక్కరే. రోడ్డు గుంతలో పడి కాలు విరిగినవాడు, ప్రభుత్వ లారీ గుద్ది ప్రహరీ కూలినవాడు, అందరూ ఈ కిటికీ దగ్గరే వరుస కట్టాలి. తొంభై రోజుల్లోపు రావాలి. ఏ వస్తువు, ఏ రోజున, ఏ చోట, ఎవరి చేతుల్లో పోయిందో రాయాలి. ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఒక నకలు ప్రభుత్వ వకీలు ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులోనే పంపాలి, మామూలు స్టాంపు అంటించి పంపితే దావా అక్కడే చస్తుంది. ఇన్ని గడపలూ దాటుకుని వచ్చిన కొలతలక్క విలువ అనే గడి దగ్గర మొండికేసింది.

"నాకు డబ్బు అక్కర్లేదు సార్. నా కటింగులు కావాలి."

"కాల్చేశారని మీరే రాశారుగా?"

"కాల్చేశారు."

"మరి కాలినవి ఎక్కణ్ణుంచి తెచ్చిస్తారు? ఈ కోర్టు వస్తువులు ఇప్పించదమ్మా, తప్పయిందని చెప్పించదు, ఎవర్నీ జైల్లో వెయ్యదు. దీని చేతిలో ఉన్నది డబ్బొక్కటే. ఎల్లుండి విచారణ. రేపు సాయంత్రం లోపల ఆ గడిలో అంకె పడకపోతే జడ్జిగారు ఫైలు తెరవకుండానే మూసేస్తారు."

"ఎంత రాయమంటారు?"

"అది నేను చెప్పకూడదు. సలహా ఇస్తే నా ఉద్యోగం పోతుంది." గుమస్తా వెనక బల్లల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "సున్నా మాత్రం రాయకండి."

వస్తువు అన్న గడిలో ఆమె తన గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: పిండి సంచుల ఖాకీ కాగితంతో చేసిన కోటు కటింగులు, అంటే గుడ్డ కోయడానికి పెట్టుకునే అచ్చులు, ముప్పై తొమ్మిది మందివి. ఎక్కడ అన్న గడిలో: ఆడవాళ్ల జైలు, మూడో వరుస, నా గది. ఎలా అన్న గడిలో: నేను విడుదల కావడానికి పదకొండు రోజుల ముందు తనిఖీ పేరుతో తీసుకుపోయి వంటపొయ్యిలో వేశారు. ఆ జైలుకు ఆమె ఎందుకు వెళ్లిందన్నది ఈ కథకు అక్కర్లేదు. దానికి శిక్ష వేసిన కోర్టు వేరు, ఆ శిక్షను ఆమె ఒక్క రోజు కూడా బాకీ లేకుండా అనుభవించింది. లోపలున్న తొమ్మిదేళ్లలో ఏడేళ్లు కుట్టుపని షెడ్డులో గడిచాయి. వార్డర్ల ముదురు నీలం కోటులన్నీ అక్కడే తయారయ్యేవి. కొలతలక్క అన్న పేరు అక్కడ పుట్టిందే, విడుదలైనప్పుడు ఆ పేరు కూడా ఆమెతో బయటికి వచ్చేసింది.

కోర్టు నుంచి ఆమె తిన్నగా యూనిఫారాల దుకాణానికి నడిచింది. బస్సు కండక్టర్లకు, నర్సులకు, బడిపిల్లలకు కుట్టే పెద్ద దుకాణం అది. ఇప్పటికి రెండుసార్లు పని అడిగి లేదనిపించుకుని వచ్చిన చోటు. కటింగ్ బల్ల దగ్గర సుద్దముక్క చెవి మీద పెట్టుకుని నిలబడ్డ మాస్టరు ఆమెను చూడగానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"చెప్పానుగా తల్లీ. కటింగ్ వచ్చంటావు, కాగితం చూపించవు. జైలు వాళ్లిచ్చిన దాంట్లో సహాయకురాలు అనుంది. బొత్తాలు కుట్టేవాళ్లు నాకు నలుగురున్నారు."

"పనికి రాలేదు మాస్టారూ. ఒక ధర కనుక్కుందామని వచ్చాను." ఆమె గోడ వైపు చూపించింది. మేకుకు తగిలించిన ఇనప చువ్వ మీద అట్టముక్కల కటింగులు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి, వీపులు, ఛాతీలు, చేతులు, కాలర్లు. "వాటిని అమ్మితే ఎంతకిస్తారు?"

మాస్టరు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"అమ్మడమేంటి? ముప్పై ఏళ్ల పని అది. కత్తెర పోతే ఇంకోటి కొంటాను, మిషను పోతే అప్పు చేస్తాను. అవి పోతే నేను మళ్లీ బొత్తాలు కుట్టుకోవాల్సిందే."

"మళ్లీ చెయ్యాలంటే ఎంతకాలం పడుతుంది?"

"ఒక్కో ఒంటికి మూడు నాలుగు ట్రయల్సు. మనిషి ముందు నిలబడాలి, కట్ చెయ్యాలి, వేసి చూడాలి, విప్పాలి, కాగితం దిద్దాలి. అయినా నీకెందుకీ గోల?"

ఆమె బల్ల మీదున్న పాత దినపత్రిక ఒకటి అందుకుంది. మడిచింది. మడత మీద బొటనవేలి గోరుతో చంక వంపు ఒకటి గీసింది, రెండోసారి అదే గీత మీద గట్టిగా నొక్కింది, నాలుక మీద తడి చేసిన వేలితో ఆ గీత వెంటే రాసి మెల్లగా చించింది. కత్తెర పెట్టి కోసినట్టే వచ్చింది ముక్క.

"కత్తెర పక్కనే ఉందిగా?" అన్నాడు మాస్టరు.

"షెడ్డులో కత్తెరలు సాయంత్రం లెక్కపెట్టి పట్టుకుపోయేవాళ్లు. దిద్దడాలన్నీ గదిలోనే చేసుకునేదాన్ని."

మాస్టరు ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు, తన చంక వంపు అట్టముక్క తెచ్చి దాని మీద పెట్టి చూశాడు. "బానే ఉంది," అన్నాడు చివరికి, అప్పు ఇస్తున్నవాడిలా. "కానీ గోరు చూపిస్తే మా యజమాని ఒప్పుకోడు. కాగితం కావాలి."

ఆ సాయంత్రం చెల్లెలింట్లో ఆమె అంకె వేసింది. ఒక కటింగ్ మనిషి పదకొండు నెలలు పనిచేస్తే వచ్చే జీతం. ముప్పై తొమ్మిది మందిని ఇంకోసారి నిలబెట్టి దిద్దడానికి అంత పడుతుంది. చెల్లెలు ఆ అంకె చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అక్కా, నీకు మతి పోయిందా? నవ్విపోతారు. పిండి సంచుల కాగితానికి ఇంతా?"

"కాగితానికి కాదే. కోటు కుదరడానికి."

"నాకు చెప్పి ఏం లాభం, వాళ్లకు చెప్పాలి. ఎందుకు మళ్లీ వాళ్ల జోలికెళ్లడం? బయటపడ్డావు, చాలు. ఎవరింట్లోనైనా కుట్టుపని దొరుకుతుంది, నాలుగు రాళ్లు చూసుకుని మిషను కొనుక్కుందాం. ప్రభుత్వంతో పెట్టుకుని బాగుపడ్డవాళ్లెవరు?"

"తొమ్మిదేళ్లు నిలబడమంటే నిలబడ్డాను, కూర్చోమంటే కూర్చున్నాను," అంది కొలతలక్క, కలం మూత బిగిస్తూ. "అది శిక్ష, ఒప్పుకున్నాను. కానీ ఆ కటింగులు శిక్షలో భాగం కాదు. అవి నావి. అవి నావని ఎవరో ఒకరి చేత రాయించందే నిద్రపట్టదు నాకు."

చెల్లెలు గిన్నెలు కాస్త ఎక్కువ చప్పుడు చేస్తూ కడుక్కుంది. అయినా మర్నాడు ఆ కాగితం కిటికీలో ఇవ్వడానికి అక్కతోపాటు తనూ వెళ్లింది, ఆ మరుసటి రోజు విచారణకు కూడా వస్తానని తనే అంది.

విచారణ గది చిన్నది. జనం కోసం వేసిన బెంచీలు నాలుగే, అందులో మూడు ఖాళీ. ఈ కోర్టులో జడ్జిగారు ఒక్కరే విని, ఒక్కరే తేలుస్తారు. ఆయన లావుపాటి మనిషి, జలుబు చేసి మాటిమాటికీ రుమాలు తీస్తున్నారు. ప్రభుత్వ వకీలు కుర్రవాడే, ఆ రోజుకు ఏడు ఫైళ్లు చంకలో పెట్టుకొచ్చాడు, కొలతలక్కది నాలుగోది. జైలు తరఫున ఇద్దరు వచ్చారు. ఒకామె సాక్ష్యం చెప్పడానికి వచ్చిన పెద్ద వార్డరు, యాభై దాటిన మనిషి, నిలబడితే తలుపు మూసినట్టుండేది. రెండో ఆమె ఫైలు మోసుకొచ్చిన చిన్న వార్డరు, తలుపు పక్కన నిలబడిపోయింది. ఇద్దరూ నీలం కోటుల్లోనే ఉన్నారు.

కొలతలక్కకు వకీలు లేడు. రాసుకొచ్చింది చదివింది, ప్రమాణం చేసింది, కూర్చుంది. ప్రభుత్వ వకీలు లేచి పెద్ద వార్డరును పిలిచాడు.

"ఆమె గదిలో దొరికినవి ఏమిటి?"

"పిండి సంచుల కాగితం ముక్కలు సార్. వంటింట్లో పారేసినవి ఏరుకుని దాచుకుంది."

"అంటే చెత్త."

"చెత్తే సార్."

"పైగా ఆ సంచులు ప్రభుత్వానివి."

"ప్రభుత్వానివే సార్."

"మరి చెత్తను ప్రత్యేకంగా తనిఖీ చేసి ఎందుకు కాల్చారు?" అని అడిగారు జడ్జిగారు రుమాలులోంచి.

పెద్ద వార్డరు నిటారుగా నిలబడింది. "వాటి మీద మా సిబ్బంది పేర్లు, ఒంటి కొలతలు ఉన్నాయండీ. అవి బయటికి పోతే భద్రతకు ముప్పు. ఆమె విడుదల దగ్గరపడింది కాబట్టి పై ఆర్డరు వచ్చింది."

"చెత్తా, ముప్పా? రెంట్లో ఒకటి చెప్పండి. రెండూ ఎలా రాసుకోను?"

వకీలు చప్పున లేచాడు. "అయ్యా, ఏదైనా గానీ, ముందు అవి కోటు కటింగులేనని రుజువు కావాలి. జైలు రికార్డులో ఈమె సహాయకురాలు. కట్ చేసినట్టు ఎక్కడా లేదు. ఆమె మాట తప్ప ఇంకేం లేదు."

జడ్జిగారు కొలతలక్క వైపు తిరిగారు. "సాక్షిని ఏమైనా అడుగుతారా?"

ఆమె లేచింది. తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ మెడ వంగబోయింది. వంగనివ్వలేదు.

"మేడం, మీ ఎడమ చెయ్యి పైకెత్తండి."

"ఇదేం ప్రశ్న?" అన్నాడు వకీలు.

"ప్రశ్న కాదు. చెయ్యి," అన్నారు జడ్జిగారు. "ఎత్తండమ్మా."

పెద్ద వార్డరు ఎత్తింది. చెవి పక్కగా తిన్నగా పైకి. కోటు అంచు నడుము దగ్గర కదల్లేదు.

"దించండి మేడం. అయ్యా, ఈవిడ ఎడమ భుజం కుడిదానికంటే ముప్పావు అంగుళం కిందికి ఉంటుంది. ఎప్పుడో మెట్ల మీంచి పడ్డారు, ఎముక అలాగే అతుక్కుంది. పుస్తకంలో ఉండే మామూలు సైజులో కట్ చేస్తే కోటు ఎడమవైపు ముడతలు పడి చంక కింద కోసుకుపోతుంది. నేను ఎడమ భుజం కుట్టు కూడా అంతే దించాను, లోపల ఒక పొర ఉన్ని ముక్క పెట్టాను, ఎడమ పక్క పొడవు అర అంగుళం తగ్గించాను. పైకి చూస్తే రెండు భుజాలూ సమానం. కావాలంటే కొలిపించండి." ఆమె సంచిలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది.

జడ్జిగారు గుమస్తా వైపు చూశారు. గుమస్తా కళ్లజోడు సర్దుకుని టేపు పట్టుకున్నాడు గానీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీక పెద్ద వార్డరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "మెడ ఎముక దగ్గర్నుంచి భుజం కుట్టు దాకా సార్," అని అందించింది కొలతలక్క. కుడివైపు కొలిచాడు, ఎడమవైపు కొలిచాడు, అంకెలు చదివాడు. తేడా ముప్పావు అంగుళం.

"ఈ కోటు ఎవరు కట్ చేశారు?" అని అడిగారు జడ్జిగారు.

పెద్ద వార్డరు మొహం కందిపోయింది. అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆర్డరు జవదాటే మనిషి కూడా కాదు. "ఈమే సార్. నాకు ముప్పై ఏళ్ల సర్వీసులో కుదిరిన కోటు ఇదొక్కటే."

బెంచీ మీద చెల్లెలు చప్పట్లు కొట్టబోయి చేతులు ఒళ్లో దాచుకుంది. కానీ వకీలు కుర్రవాడైనా బుర్ర ఉన్నవాడు. మెల్లగా లేచాడు, ఈసారి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఒప్పుకుంటున్నామయ్యా. కట్ చేసింది ఆమే. కాగితం లేకుండానే కొలతలన్నీ అంగుళాలతో సహా ఇప్పుడే మన ముందు చెప్పింది. అంతా ఆమె తలలోనే ఉందిగా? మరి నష్టపోయింది ఏమిటి?"

కొలతలక్క బల్ల అంచు పట్టుకుంది. తన తెలివే తన కాళ్లకు అడ్డం పడింది. జడ్జిగారు ఎదురుచూస్తున్నారు, గుమస్తా టేపు చుట్టకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఇంత దూరం వచ్చి ఇక్కడ పడిపోతానా అని ఒళ్లు మండిపోయింది ఆమెకు, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

"ఈవిడది నాలుగుసార్లు విప్పి కుట్టాను, అందుకని గుర్తుంది," అంది. "అంకెలు కొన్ని గుర్తుంటాయి సార్. కానీ వంపు గుర్తుండదు. చంక ఎక్కడ లోతు తీసుకోవాలి, మెడ ఎక్కడ తిరగాలి, అది అంకె కాదు. దిద్ది దిద్ది కాగితం మీద ఉంచితేనే ఉంటుంది." చెప్తూనే ఆ మాటలు ఎవరికీ ఎక్కడం లేదని తెలిసిపోయింది. కుట్టుపని రానివాళ్లకు వంపు గురించి ఏం చెప్పగలం? చూపులు గది చుట్టూ తిరిగాయి, తలుపు దగ్గర ఆగాయి.

చిన్న వార్డరు కోటు మెడ వెనక బుడిపెలా లేచి ఉంది. చేతులు మణికట్టు దాకా రాలేదు. ఛాతీ మీద రెండో బొత్తాం చుట్టూ గుడ్డ గుంజుకుపోయి అడ్డగీతలు పడ్డాయి. ఇంతసేపూ అది కళ్లముందే ఉన్నా కొలతలక్క చూడలేదు. మనిషిని చూసిందే గానీ కోటును చూడలేదు, ఆమె చరిత్రలోనే అలాంటి పొరపాటు మొదటిసారి.

"అయ్యా, ఆ అమ్మాయిని ఒక్క మాట అడగొచ్చా?"

"ఆమె సాక్షి కాదు," అన్నాడు వకీలు.

"ఇప్పుడు అయింది," అన్నారు జడ్జిగారు. "ఇలా రామ్మా." ప్రమాణం చేయించారు.

"నీ కోటు ఎప్పుడు కుట్టారు?"

"రెండు నెలలైంది అక్కా," అని నాలుక కరుచుకుని, "రెండు నెలలైందండీ," అంది చిన్న వార్డరు. "పాతది చిరిగిపోయింది. అది మీరే కట్ చేశారు. ఇది షెడ్డులో పుస్తకం సైజు చూసి కట్ చేశారు."

"చెయ్యి పైకెత్తు."

చిన్న వార్డరు మోచేతి దాకా ఎత్తి ఆగింది. "ఇంకా ఎత్తు," అన్నారు జడ్జిగారు. ఎత్తింది. కోటు మొత్తం చెవులదాకా లేచింది, వెనక గుడ్డ టెంటులా ఉబ్బింది, రెండో బొత్తాం టప్పున తెగి ప్రభుత్వ వకీలు ఫైళ్ల మీద పడింది.

గుమస్తా పకపకా నవ్వేశాడు. జడ్జిగారు రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, జలుబుకు మాత్రం కాదు.

"రోజూ ఇంతేనండీ," అంది చిన్న వార్డరు ఏడుపు గొంతుతో. "పై గడియ తియ్యాలంటే ముందు కోటు విప్పుకోవాలి. కొత్తగా కుట్టినవన్నీ ఇలాగే ఉన్నాయి."

"ఈ అమ్మాయి కటింగ్ నా దగ్గర ఉండేది," అంది కొలతలక్క. "ఇప్పుడు అడిగితే ఒక్క అంకె చెప్పలేను. ఏం పోయిందని అడిగారుగా సార్, ఇదిగో, ఇదే పోయింది."

భోజనానికి విరామం ఇచ్చారు. నడవాలో చెల్లెలు బ్రెడ్డు పొట్లం విప్పుతుండగా ప్రభుత్వ వకీలు వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం ఒకటే ఉంది.

"చూడండమ్మా, మా పై ఆఫీసుతో మాట్లాడాను. మీరు అడిగినదంతా ఇస్తాం, ఒక్క పైసా తగ్గకుండా. చెక్కు వారంలో వస్తుంది. దావా వెనక్కి తీసుకోండి, చాలు. తీర్పుదాకా పోతే ఏమవుతుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

చెల్లెలు అక్క మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో ఒక కుట్టుమిషను ఉంది, అద్దె గది ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. కొలతలక్క కాగితాన్ని వేలితో వరుస వరుసా చదివింది.

"వ్యర్థ కాగితం అని ఎందుకు రాశారు సార్? దయతో ఇచ్చే సాయం అని ఎందుకు రాశారు?"

"అది ఆఫీసు భాష. పట్టించుకోకండి."

"పట్టించుకోనక్కర్లేనిదైతే కొట్టేయండి. కోటు కటింగులు, ఆమెవి అని రాయండి, ఇక్కడే సంతకం పెట్టేస్తాను."

వకీలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "రాయలేనమ్మా. ఆ మాట రాస్తే రేపు జైల్లో బొమ్మ గీసినవాడు, బుట్ట అల్లినవాడు, పాట కట్టినవాడు, అందరూ నాది నాదంటూ వస్తారు."

"రానివ్వండి."

"అక్కా!" అంది చెల్లెలు. "నీ పొగరు మండిపోనూ! మొత్తం ఇస్తామంటున్నారే. లోపల జడ్జిగారు కాదంటే ఏం చేస్తావు? ఉత్త చేతులతో ఇంటికొస్తావా? ఎన్నాళ్లు నా గుమ్మంలో కూర్చుని..." మాట మధ్యలో ఆపేసి మొహం తిప్పుకుంది.

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు దాచుకోవడానికి కూడా కొలతలక్క ప్రయత్నించలేదు. "నీకు బరువయ్యానని నాకు తెలుసే," అంది. "కానీ వ్యర్థం అన్న కాగితం మీద సంతకం పెట్టి తెచ్చిన డబ్బుతో మిషను కొంటే, దాని ముందు కూర్చోలేను. ఏడేళ్లు నేను చేసింది చెత్త అని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు." కాగితాన్ని రెండు మడతలు పెట్టి వకీలు చేతిలో పెట్టింది. "తీసుకెళ్లండి సార్. తీర్పే వింటాను."

చిన్న దావాల్లో తీర్పు అప్పటికప్పుడే చెప్పడం ఆ జడ్జిగారి అలవాటు. మధ్యాహ్నం ఆయన టైపు చేసే అమ్మాయి వైపు తిరిగి, ముక్కు తుడుచుకుంటూ, ఏ ఉద్వేగమూ లేకుండా చెప్పుకుపోయారు. తనిఖీ చేసే అధికారం జైలుకు ఉంది. కాల్చే అధికారం లేదు, జాబితా రాసి రసీదు ఇచ్చి భద్రపరచాలి. సంచుల కాగితం ప్రభుత్వానిదే కావచ్చు, దాని మీద చేసిన పని మాత్రం వాదిది. కాలినవి కోటు కటింగులు, ముప్పై తొమ్మిది. వాటిని తయారుచేసింది వాది, అవి ఆమె సొత్తు. ఇక విలువ. పదకొండు నెలల జీతం అన్న లెక్కకు ఆధారం చూపలేదు కాబట్టి అందులో మూడో వంతు ఇవ్వవలసింది.

మూడో వంతు అన్న మాట దగ్గర చెల్లెలి మొహం వాడిపోయింది. దాంతో మిషను వస్తుందేమో గానీ అద్దె గది రాదు. వకీలు అయిదో ఫైలు తీశాడు. కొలతలక్క మాత్రం లేచి నిలబడి జడ్జిగారిని అడిగింది, "సొత్తు అన్న మాట టైపులో పడిందా అయ్యా?"

టైపు చేసే అమ్మాయి కాగితం తిప్పి చూపించింది. పడింది.

బయటికి వచ్చాక చెల్లెలు చేతిసంచిలో చిల్లర తడిమి చూసుకుంది. మెట్ల దాకా నడిచింది, ఆగింది, గిర్రున వెనక్కి తిరిగి గుమస్తా కిటికీ దగ్గరికి వెళ్లి చిల్లర డబ్బులు గల్లున పోసింది.

"ఆ తీర్పు నకళ్లు నాలుగు కావాలి. సీలు వేసినవి."

"నాలుగెందుకమ్మా?"

"ఒకటి ఇంట్లో గోడకు. ఒకటి పెట్టెలో. ఒకటి చిరిగిపోతే ఉండటానికి. ఇంకోటి ఆ దుకాణం మాస్టరు మొహాన కొట్టాలి, కాగితం కాగితం అని చంపుకుతిన్నాడు మా అక్కను."

మాస్టరు మొహాన కొట్టాల్సిన అవసరం రాలేదు. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు, పెదాలు కదుపుతూ. లోపలికి పట్టుకెళ్లి యజమానికి చూపించాడు. ప్రభుత్వం తనంతట తాను ఒప్పుకోనిది, కోర్టు చేత ఒప్పించుకుని వచ్చిన మనిషిని యజమాని గాజు తలుపులోంచి ఒకసారి తేరిపార చూశాడు. సోమవారం నుంచి కటింగ్ బల్లకు రెండో వైపు కొలతలక్క నిలబడింది.

గురువారం పొద్దున్న దుకాణం తెరుస్తుండగానే చిన్న వార్డరు వచ్చింది. సెలవు రోజే అయినా నీలం కోటు వేసుకునే వచ్చింది, రెండో బొత్తాం దగ్గర పిన్నీసు.

"పెద్ద మేడం పంపారు అక్కా. పై వాళ్లు ఒప్పుకున్నారట. నువ్వు మళ్లీ షెడ్డుకొచ్చి అందరివీ కట్ చేసి ఇవ్వాలి. జీపు పంపిస్తామన్నారు, రోజు కూలీ ఇస్తామన్నారు. కాగితం కూడా జైలే ఇస్తుందట."

కొలతలక్క సుద్దతో గీస్తున్న గీత చివరిదాకా గీసింది. మాస్టరు బల్లకు అవతలి వైపు నుంచి చెవులు రిక్కించాడు.

"నేను ఆ గేటు లోపలికి రానని చెప్పు. ఎవరికి కోటు కావాలో వాళ్లనే ఇక్కడికి రమ్మను. ఒకేసారి గుంపుగా కాదు, ఒక్కొక్కరే, పేరు పిలిచినప్పుడు. కాగితం నాది, కొన్నాను. కటింగ్ నా దగ్గరే ఉంటుంది."

"పెద్ద మేడం కూడానా?"

"పెద్ద మేడం కూడా. బయట బెంచీ ఉంది, కూర్చోమను." ఆమె టేపు మెళ్లో వేసుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. "ముందు నీ సంగతి చూద్దాం. కోటు విప్పి అక్కడ పెట్టు. చేతులు కిందికి వదిలెయ్యి. గోడ వైపు తిరిగి నిలబడు, నేను చెప్పేదాకా కదలకు."

చిన్న వార్డరు కోటు విప్పి, మారుమాట లేకుండా గోడ వైపు తిరిగి నిలబడింది.